అడగకుండా మొలిచిన మొక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వితంతువుల పింఛన్లు, పిల్లల ఫీజులు, రోగుల మందుల ఖర్చులు చర్చకు వచ్చే సభ ఇది. ఇక్కడ మొక్కల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాననుకోకండి. ఈ విషయం నేరుగా మీ దానంతో ముడిపడి ఉంది. మీ సొమ్ముతో నడిచే ప్రతి చోటా, అది బడి అయినా, కుట్టుపని నేర్పే ఇల్లయినా, ఒక వాకిలి ఉంటుంది. ఆ వాకిట్లో పిల్లలు ఆడతారు. గోడ మూలనో, కుళాయి పక్కనో ఏదో ఒక మొక్క దానంతటదే మొలుస్తుంది. దాన్ని ఎవరూ నాటలేదు. పేరు ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరు "పీకిపారేద్దాం" అంటారు. ఇంకొకరు "పచ్చగా ఉంది, ఉండనివ్వండి" అంటారు. మూడోవారు "ఇది మందు మొక్క, మా నానమ్మ వాడేది" అంటారు. పేరు తెలియకుండా చేస్తే ఈ మూడింటిలో ఏదైనా ప్రమాదమే. నేను చెప్పదలచుకున్నదల్లా ఇంతే: మొక్క పేరు తేలేదాకా దాన్ని నోటికీ, వట్టి చేతికీ దూరంగా ఉంచాలి. పేరు తేలాకే దాన్ని ఏం చేయాలో నిర్ణయించుకోవాలి.

లాడ్ బజార్‌లో మొక్కలెక్కడివి?

చార్మినార్ నుంచి పడమటికి సాగే లాడ్ బజార్ అంటే అందరికీ లక్క గాజులే గుర్తుకొస్తాయి. 2024లో మన హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దుకాణాల ముందు నిలబడితే పచ్చని ఆకు ఒక్కటి కనిపించదు. దుకాణాల వెనక సందుల్లోకి వెళ్ళి చూడండి. పాత డేవుఢీల వాకిళ్ళు, పూడిపోయిన బావులు, డాబాల మీద పెయింటు డబ్బాల్లో పెంచుకున్న పుదీనా, సున్నం రాలిన గోడల పగుళ్ళు, డ్రైనేజీ వెంట ఇంత మట్టి. తొలకరి పడ్డాక మూడు వారాలు తిరిగేసరికి వీటన్నిటిలో ఏదో ఒకటి మొలిచి ఉంటుంది.

ఈ విత్తనాలు ఎక్కడ నుంచి వస్తాయి? జిల్లేడు గింజ దూదిపింజ కట్టుకుని గాలిలో ఎగిరి వస్తుంది. రావి, వేప గింజలను పక్షులు తెచ్చి పడేస్తాయి. ఆముదం కాయ ఎండకు టప్పున పగిలి గింజను దూరంగా విసురుతుంది. పావురాలకు చల్లే జొన్నల్లో, సజ్జల్లో కలుపు గింజలు కలిసి వస్తాయి. నర్సరీ నుంచి తెచ్చిన కుండీ మట్టిలో, ఇంటి మరమ్మతుకు తోలిన ఇసుకలో ఎన్నో విత్తనాలు నిద్రపోతూ వస్తాయి. అంటే ఎంత శుభ్రంగా ఉంచుకున్న వాకిట్లోనైనా తెలియని మొక్క రాక తప్పదు. వచ్చిందని కంగారు పడనక్కర్లేదు, వచ్చినదాన్ని గుర్తించడం నేర్చుకుంటే చాలు.

ఒకే మొక్కకు మూడు పేర్లు

నిరుడు వానాకాలంలో బజారు వెనక, ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకునే ఒక ఇంటి వాకిట్లో కుళాయి పక్కన మోకాలెత్తు మొక్క ఒకటి పెరిగింది. వెడల్పాటి ఆకులు, మెత్తని నూగు, బూడిద కలిసిన పచ్చదనం. అక్కడి వంటమనిషి దాన్ని వంకాయ మొక్క అంది. ఒక పిల్ల ధతూరా అంది. పెద్దావిడ ఒకరు ఇది అస్గంధ్ అని ఖాయంగా చెప్పారు. అస్గంధ్ అంటే అశ్వగంధ, మన పల్లెల్లో పెన్నేరు అంటారు. యునానీలో, ఆయుర్వేదంలో దాని వేరుకు మంచి పేరుంది. మోకాళ్ళ నొప్పులకు ఆ వేరును పాలల్లో కాచుకుని తాగుదామని ఆవిడ ఆలోచన. తవ్వేముందు ఒక మాట అడుగుదామని నన్ను పిలిపించారు.

ఈ మూడు పేర్లూ పూర్తిగా అడ్డదిడ్డంగా చెప్పినవేమీ కావు. వంకాయ, ఉమ్మెత్త, అశ్వగంధ మూడూ ఒకే కుటుంబానివి. టమాటా, మిరప, పొగాకు కూడా ఆ కుటుంబమే. పూత రాకముందు లేత మొక్కలుగా ఉన్నప్పుడు వీటికి పోలికలు చాలా ఉంటాయి. ఒకటి కూర, ఒకటి మందు, ఒకటి విషం.

ఆ మొక్క చుట్టూ ఇటుకలు పేర్చి, ఎవరూ ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పి, దాన్ని నిదానంగా చూశాం. ఆకు మొదలు దగ్గర తొడిమకు రెండు వైపులా ఎత్తుపల్లాలుగా ఉంది, ఒక వైపు కిందికి దిగి, ఒక వైపు పైకి నిలిచింది. ఇది ఉమ్మెత్తలో తరచుగా కనిపించే గుర్తు. కొమ్మ చీలే చోట వేలంత పొడవు మొగ్గ ఒకటి, మడిచిన గొడుగులా మెలితిరిగి ఉంది. అశ్వగంధకు అంత మొగ్గ రాదు. దాని పువ్వు గోరంత కూడా ఉండదు, ఆకు పంచన దాక్కుని పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. కాయ కాగితం సంచి లాంటి తొడుగులో ఎర్రగా పండుతుంది. వంకాయ పువ్వు ఊదా రంగు నక్షత్రంలా ఉంటుంది. మూడు రోజుల తర్వాత, మగ్రిబ్ వేళకు మా మొగ్గ విచ్చింది. జానెడు పొడవు తెల్లని బాకా పువ్వు. ఇక సందేహం లేదు, అది ఉమ్మెత్త. ఆ వేరు పాలల్లో పడి ఉంటే ఆ పెద్దావిడ ఆ రాత్రి ఆసుపత్రిలో ఉండేవారు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకో సామెత ఉంది. దగ్గరున్నదాని విలువ మనకు తెలియదని చెప్పడానికి దాన్ని వాడతాం. అడగకుండా మొలిచిన మొక్క విషయంలో మాత్రం ఆ సామెతను ఉన్నదున్నట్టుగా పాటించడమే మేలు.

పేరు ఎందుకంత ముఖ్యం?

వాడుక పేర్లు మనల్ని మోసం చేస్తాయి. గన్నేరునే చూడండి. ఎర్రగన్నేరు ఒక మొక్క. పచ్చగన్నేరు వేరే మొక్క. బిళ్ళగన్నేరు ఇంకొకటి, దేవగన్నేరు మరొకటి. అన్నీ గన్నేర్లే, నాలుగూ నాలుగు వేర్వేరు జాతులు. ఉర్దూలో కూడా ఎర్రదీ కనేరే, పచ్చదీ కనేరే. నేపాళం అనే పేరును కొందరు ఒక మొక్కకూ, కొందరు ఇంకో మొక్కకూ వాడతారు. పుస్తకంలో నేపాళం గురించి చదివి పెరట్లోని ఇంకో నేపాళాన్ని వాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 12వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లోని మాలగాలో పుట్టి, 1248లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఇబ్నుల్ బైతార్ అనే మహా వృక్షవేత్త ఉన్నాడు. ఔషధాలు, ఆహార పదార్థాలు కలిపి దాదాపు 1,400 వస్తువులను ఆయన అక్షరక్రమంలో వివరించాడు. ఒక మొక్కకు అరబ్బులు ఏమంటారు, గ్రీకులు ఏమంటారు, బర్బర్లు ఏమంటారు అని పేర్లు కూడా చేర్చుకుంటూ పోయాడు. ఒక ఊరి వైద్యుడు రాసిన మందు ఇంకో ఊళ్ళో వేరే మొక్కగా మారకూడదన్నది ఆ శ్రమకు కారణం. తర్వాత 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. ఉమ్మెత్తల్లో ఒక జాతికి ఆయన పెట్టిన పేరు దతూరా మెటెల్. మొదటి మాట మన దేశపు ధతూరా. రెండోది అరబ్బీ నుంచి వచ్చింది. యునానీ గ్రంథాల్లో ఉమ్మెత్తను జౌజ్-ఎ-మాసిల్ అంటారు, ఆ మాసిల్లే మెటెల్ అయింది. మన సందులో మొలిచిన మొక్కకు ప్రపంచమంతా వాడే పేరులో సగం హిందుస్థాన్‌ది, సగం అరబ్బులది.

గుర్తుపట్టే తీరు

మొక్కను గుర్తుపట్టడానికి చదువు కంటే ఓపిక ముఖ్యం. నేను పిల్లలకు చెప్పే క్రమం ఇది.

మొదట మొత్తం మొక్కను చూడండి. నిలబడిందా, పాకుతోందా, అల్లుకుంటోందా? తర్వాత ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయా? ఆకు ఒక్కటేనా, చింతాకులా చిన్న చిన్న ఆకుల వరుసా? అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా, ముళ్ళున్నాయా? ఆకు తుంచితే పాలు కారుతున్నాయా, వాటి రంగేమిటి? ఇది చూడాలంటే చేతికి తొడుగు ఉండాలి, కంటికి దూరంగా పట్టుకోవాలి. ఆఖరున పువ్వు, కాయ. పువ్వూ కాయా చూడకుండా ఎంత పెద్ద పండితుడైనా గట్టిగా చెప్పడానికి జంకుతాడు. కాబట్టి తొందర లేకపోతే, పిల్లలకు అందకుండా అడ్డం పెట్టి, పువ్వు వచ్చేదాకా ఆగవచ్చు. చిన్న పిల్లలు తిరిగే చోటైతే ఫొటోలు తీసుకుని, తొడుగులు వేసుకుని తీసేయడమే మంచిది.

ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి, కొలత తెలుస్తుంది. ఆకు పైభాగం, కిందిభాగం, కొమ్మ, పువ్వు, కాయ విడివిడిగా తీయండి. ఫోన్లలో పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. అవి వెతకడానికి దారి చూపుతాయి, వాటిని ఆ మేరకే నమ్మండి. యాప్ చెప్పిందని ఏ ఆకునూ కూర వండకండి.

మన ఊళ్ళో తెలిసినవాళ్ళకు కరువు లేదు. చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ కళాశాల ఉంది, మూలికల చదువు అక్కడ రోజూ జరిగేదే. ఉస్మానియా యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖలో ఎండబెట్టిన మొక్కల భాండాగారం, హెర్బేరియం ఉంది. అత్తాపూర్‌లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థవారి దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆముదం సంగతులు కావాలంటే రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, రుచి చూసి గుర్తుపట్టే పద్ధతి ఎవరు నేర్పినా నేర్చుకోవద్దు.

మన వాకిళ్ళలో తరచుగా కనిపించేవి

ఉమ్మెత్త సంగతి కొంత చెప్పాను. మొక్కలో ప్రతి భాగమూ విషమే, గింజల్లో మరీ ఎక్కువ. కడుపులోకి వెళితే నోరు ఎండిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మనిషి లేనివి చూస్తూ పిచ్చిగా మాట్లాడతాడు. దీని గింజ ఎండు మిరప గింజను పోలి ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటన్నది మన వైద్య కళాశాలల్లో నేరపరిశోధన వైద్యం పాఠంలో ఇప్పటికీ చెబుతారు. ఉమ్మెత్త గింజ కాస్త పెద్దది, గోధుమరంగుది, కారం ఉండదు.

రేషన్ కిట్లు పంచే మనం వినితీరవలసిన సంగతి ఒకటి ఉంది. 2019లో ఉగాండాలోని కరమోజా ప్రాంతంలో ప్రపంచ ఆహార కార్యక్రమం పంచిన బలవర్ధక పిండి తిని సుమారు 300 మంది జబ్బు పడ్డారు, 5గురు చనిపోయారు. ఆ పిండిలో ఉమ్మెత్త జాతి విషం కలిసిందని పరీక్షల్లో తేలింది. చేనులో కలుపుగా పెరిగిన మొక్క గింజలు పంటతో పాటు కోతకు వచ్చి, పిండిలో చేరాయి. ఆకలి తీర్చాలని ఇచ్చిన తిండి అది. దానం చేసేవారి ఉద్దేశం మంచిదైతే సరిపోదు, ధాన్యం కూడా శుభ్రంగా ఉండాలి.

గురివింద, తెలంగాణలో గురిగింజ అంటాం. ఉర్దూలో ఘుంగ్చీ, తూకానికి వాడితే రత్తీ. బంగారపు పనివారికి ఇది పాత చుట్టం. తులానికి 96 రత్తులు, ఒక్కో రత్తి గ్రాములో సుమారు ఎనిమిదో వంతు. ఎర్రగా, నల్లని చుక్కతో, ఎంతో ముద్దుగా ఉండే ఈ గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది. పైపొట్టు గట్టిది కాబట్టి పొరపాటున మింగితే ఒక్కోసారి ఏమీ కాకుండా బయటికి పోతుంది. నమిలినా, రంధ్రం చేసిన గింజ అయినా ప్రమాదం. 2011లో ఇంగ్లండ్‌లో ఈ గింజలతో గుచ్చిన చేతి గొలుసులు అమ్మి, తర్వాత భయపడి వెనక్కి తెప్పించుకున్నారు. గాజులు, పూసలు అమ్మే బజారు మనది. గురివింద గింజలు గుచ్చిన దండలు, బ్రేస్‌లెట్లు పిల్లలకు కొనకండి, అమ్మకండి. గురివింద తన నలుపు తానెరుగదంటారు, దాని విషం కొన్నవాడికీ తెలియదు.

ఆముదం మన తెలంగాణ పంట. ఉర్దూలో అరండీ. హస్తంలా విచ్చిన పెద్ద ఆకులు, ముళ్ళ కాయలు, మచ్చల గింజ. గింజలోని రిసిన్ విషం నూనెలోకి రాదు, పిండిలో మిగిలిపోతుంది. 1978లో లండన్‌లో ఒక బల్గేరియా రచయితను గొడుగు మొనతో పొడిచి చంపింది ఈ రిసిన్‌తోనే అని విచారణలో తేలింది. అడవి ఆముదం, అంటే కంచెకు పెంచే జట్రోఫా, పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ చిక్కు. దాని పప్పు కమ్మగా ఉంటుందని పిల్లలు ఒకరిని చూసి ఒకరు తింటారు, అందరికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండె లయను చెడగొడతాయి. బక్రీద్‌కు ముందు మన ఇళ్ళ ముందు మేకలు కట్టేస్తాం. గన్నేరు కత్తిరించిన కొమ్మలు వాటి ముందు పడేయకండి, గుప్పెడు ఆకులు చాలు జీవాన్ని చంపడానికి. దాని పుల్లలను కబాబ్ గుచ్చడానికి వాడకూడదని పిల్లలకు కూడా చెప్పండి.

జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మసకబారుతుంది. కొన్నిసార్లు నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే అశ్రద్ధ చేస్తారు.

బ్రహ్మదండి ముళ్ళ ఆకులు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు ఉన్న మొక్క. గింజలు ఆవాల్లా నల్లగా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలవడంతో వేలమందికి ఒళ్ళు వాచింది, 60 మందికి పైగా చనిపోయారు.

ఇక వయ్యారిభామ. క్యారెట్ ఆకు లాంటి ఆకు, తెల్లని ముత్యాల్లాంటి చిన్న పూలు. ఇది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల మధ్యలో పుణెలో దీన్ని గమనించారు, తర్వాత ఖాళీ జాగా అన్నది లేకుండా దేశమంతా పరుచుకుంది. నోటికి తగలకుండానే హాని చేస్తుంది. ముట్టుకున్న చర్మం దద్దుర్లు కట్టి మందమవుతుంది, పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది. ఒకసారి పడ్డవారికి ప్రతి వానాకాలమూ తిరగబెడుతుంది.

తీసేటప్పుడు జాగ్రత్తలు

వాన పడి మట్టి మెత్తబడిన మర్నాడు ఉదయం మంచి సమయం, వేరుతో సహా వస్తుంది. పూత రాకముందే తీస్తే వచ్చే ఏడు పని తగ్గుతుంది. చేతులకు మందపాటి రబ్బరు తొడుగులు, పూర్తి చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు ఉండాలి. వయ్యారిభామ అయితే ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఉబ్బసం, చర్మవ్యాధి ఉన్నవారినీ, పిల్లలనూ ఆ పనికి పంపకండి. నాలుగు రూపాయలు వస్తాయని కూలికి వచ్చిన మనిషికి కూడా తొడుగులు ఇచ్చాకే పని చెప్పండి, అతని చేతులూ చేతులే.

పని చేస్తున్నంతసేపు కళ్ళు నలపకండి, పాన్ నమలకండి, బీడీ ముట్టించకండి. కాయలు ఉంటే ముందు వాటిని కత్తిరించి సంచిలో వేసి మూతి కట్టేయండి, ఆ తర్వాత మొక్కను లాగండి. పీకిన మొక్కలను తగలబెట్టకండి. గన్నేరు పొగ కూడా విషమే. మేకలకు, ఆవులకు వేయకండి. కుండీ ఎరువులో కలపకండి. ఆ బట్టలను విడిగా ఉతకండి, వజూకు కూర్చోవడానికి ముందే చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. వజూలో తడిచేయి కంటికీ నోటికీ తగులుతుంది కదా.

గోడ పగుళ్ళలో మొలిచే రావి సంగతి వేరు. దానిలో విషం లేదు, కానీ వేరు పాత సున్నపు గోడను చీలుస్తుంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే తీసి, పగులును సున్నంతో పూడ్పించండి. అది చెట్టయ్యాక లాగితే గోడ కూడా ఊడి వస్తుంది, అప్పుడు తెలిసిన మేస్త్రీని పిలవాలి. పెద్ద చెట్లను కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది మరచిపోవద్దు.

నోట్లో పడితే, కంట్లో పడితే

పిల్లవాడు తెలియని ఆకో కాయో నమిలాడని తెలిస్తే మొదట నోట్లో మిగిలింది వేలితో తీసేయండి, నీళ్ళతో పుక్కిలింపజేయండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పాలు, నిమ్మరసం, చింతపండు రసం అంటూ ఇంటి వైద్యం మొదలుపెట్టకండి. తిన్న మొక్క కొమ్మను ఒక కవర్‌లో వేసుకుని, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. ఆ కొమ్మ డాక్టరు చేతికి అందితే సగం సమయం కలిసివస్తుంది. ఎయిమ్స్ ఢిల్లీలో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, డాక్టర్లు దాన్ని సంప్రదించగలరు.

గురివింద, ఆముదం గింజలు నమిలిన పిల్లవాడు మొదటి కొన్ని గంటలు మామూలుగా ఆడుకోవచ్చు. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి. ఈ విషాలు ఆలస్యంగా పనిచేస్తాయి. కంట్లో పాలు పడితే పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి కడిగి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మందు మొక్క అన్న మాట

మన పెద్దలు వీటిలో కొన్నిటిని మందుగా వాడారు కదా అంటారు. వాడారు, నిజమే. యునానీలో విషమున్న మూలికలను నేరుగా ఇవ్వరు. కుచ్లా, జమాల్‌గోటా వంటివాటిని ఒక క్రమంలో శుద్ధి చేసి, ముదబ్బర్ చేసి, తూకం వేసి, ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో చూసి ఇస్తారు. అది ఏళ్ళ తరబడి నేర్చుకున్న హకీం విద్య. ఆ విద్యకు మనం ఇచ్చే గౌరవం, వంటింట్లో దాన్ని అనుకరించకపోవడమే.

అలాగని మొలిచినదంతా శత్రువనుకోకండి. కుండీ పక్కన తానుగా మొలిచిన గంగవాయిలి మంచి కూర, దాన్ని మనం కుల్ఫా అంటాం. సబ్జా మొలిస్తే ఇల్లంతా పరిమళం. బొప్పాయి, వేప రెండూ అడగకుండా వచ్చే అతిథులే. పేరు తెలిశాక వీటిని సంతోషంగా ఉంచుకోవచ్చు.

దాతలకు విన్నపం

ఇందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. సొసైటీ నడిపే ప్రతి వాకిట్లోనూ ఏడాదికి రెండుసార్లు, తొలకరి తర్వాత ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి, తిరిగి చూసి మొక్కల జాబితా రాయించాలి. ఆ జాబితాలో తెలుగు పేరు, ఉర్దూ పేరు, శాస్త్రీయ నామం మూడూ ఉండాలి. ప్రతి చోటా రెండు జతల తొడుగులు, ఒక పార, గట్టి సంచులు ఉంచాలి. పైన చెప్పిన మొక్కల రంగు బొమ్మలతో తెలుగులో, ఉర్దూలో ఒక గోడపత్రిక వేయించి బడిలో తగిలించాలి. రంజాన్‌కు ముందు కొనే బియ్యం, పప్పు, పిండి సంచుల్లో కొన్నిటిని విప్పి పళ్ళెంలో పోసి చూసే మనిషి ఒకరు ఉండాలి. ఈ ఏడు ఇచ్చే చందాలో ఈ నాలుగు పనులకు కొంచెం చోటు ఇవ్వమని కోరుతున్నాను.

కుట్టుపని ఇంటి వాకిట్లో ఆ ఉమ్మెత్త మొలిచిన చోట ఇప్పుడు పుదీనా తొట్టి ఉంది. అక్కడి పిల్లలు కొత్త మొక్క ఏది కనిపించినా ముందు రూపాయి బిళ్ళ పక్కన పెట్టి ఫొటో తీస్తున్నారు, తర్వాతే పెద్దల్ని పిలుస్తున్నారు. ఈ అలవాటు మిగతా వాకిళ్ళకు కూడా చేరేలా చూడటం మన చేతుల్లో ఉంది.